గుండిగ దొరకు మూడు దెబ్బలు

కర్ర చేతికి అందగానే ఈశ్వరికి బరువు తేడా తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళు చేపల గంపలు మోసిన మనిషి, బరువు విషయంలో ఆమెను మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు.

"కర్ర ఇంత బరువుగున్నాదేటి?" అని మొగుణ్ణి అడిగింది.

"తడిసినాది," అన్నాడు ఎల్లాజీ.

పది రోజులుగా వాన చుక్క లేదు. ఈశ్వరి ఇంకేమీ అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని ఆమె భయం. నిజమేమిటంటే, ఎల్లాజీ ఆ వెదురు లోపలి కణుపులు తొలిచి, ఇనప ఊచ దూర్చి, రెండు చివరలా లక్క పోశాడు. పైన వేషానికి తగ్గట్టు నీలం లైట్ల తీగ చుట్టాడు. ఉదయం పదకొండు గంటల ఆటకు ముందు, నరసన్నపేట సినిమా హాలు గేటు దగ్గర, ఆ కర్రతో నరసింగరావు తల పగలగొట్టాలి. పదేళ్ళుగా అతను బతుకుతున్నది ఆ ఒక్క పని కోసమే.

ఆ రోజు ధూమకేతు దళం ఏడో భాగం విడుదల.

ఆ సినిమాల సంగతి తెలియని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. మొదటి భాగం తెలుగు మాటలు తొడుక్కుని నలభై ఏళ్ళ కిందట అక్కడి రేకుల హాలుకు వచ్చింది. దొరల దేశంలో తీసిన బొమ్మ. అందులో వరిమడి లేదు, వల లేదు, ఒక్క పాటైనా లేదు. ఆకాశంలో ఎగిరే ఓడలు, గ్రహానికో రాజు, ఆ రాజులందరి పీకల మీదా కూర్చున్న ఒక దుర్మార్గుడు. వాడి తల మీది ఇత్తడి టోపీ పెళ్ళివంటల గుండిగ బోర్లించినట్టు ఉంటుంది కాబట్టి వాణ్ణి గుండిగ దొర అన్నారు. అసలు పేరుకు ఎవరికీ నోరు తిరగదు. ఆరేళ్ళకో పదేళ్ళకో కొత్త భాగం వస్తూనే ఉంది. తాతలు చూశారు, తండ్రులు చూశారు, ఫోన్లో లోకమంతా చూసే పిల్లలు కూడా దీనికి మాత్రం హాలుకే పోతారు. పడవల మీద తోకచుక్క బొమ్మలు వేయిస్తారు, కోత మిషన్లకు దళం ఓడల పేర్లు పెడతారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టే ఉంటుంది వరస.

ఆ పిచ్చికి కర్రసాము తోడైంది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక జట్టు, పొలాల ఊరి నుంచి ఒక జట్టు వచ్చి మొదటి ఆటకు ముందు గేటు దగ్గర దళం యుద్ధం ఆడతారు. ఒక జట్టువాడు దొరను ఎదిరించే దళం కెప్టెన్, రెండో జట్టువాడు గుండిగ దొర. కొత్త భాగం వచ్చినప్పుడల్లా వేషాలు తారుమారవుతాయి. గుండిగ మాత్రం నిజం ఇత్తడిది, కళ్ళ దగ్గర రెండు చీలికలు పెట్టి, ఇత్తడి పనికి పేరున్న బుడితిలో కొట్టించారు. లోపల మందంగా తలపాగా చుట్టుకోవాలి. ఆఖర్న కెప్టెన్ దాని మీద మూడు దెబ్బలు వేస్తాడు, దొర పడిపోతాడు, హాలువాళ్ళు గేటు తీస్తారు. మూడో దెబ్బ పడందే గేటు తెరవరు.

పదేళ్ళ కిందట ఆరో భాగానికి ఆ గుండిగ పెట్టుకున్నది ఎల్లాజీ తమ్ముడు శివాజీ. కెప్టెన్ వేషం పొలాల ఊరి రైతు నరసింగరావుది. మొదటి దెబ్బ మోగింది, రెండోదీ మోగింది. మూడోది అంచు దాటి మెడ మీద పడింది. శివాజీ కిందపడి కాళ్ళు తన్నుకున్నాడు. ఎంత బాగా చస్తున్నాడో అని జనం ఈలలు వేశారు. గేటు తీశారు, జనం సీట్ల కోసం లోపలికి దూకారు. ఇంటర్వెల్లో టీ తాగడానికి వచ్చినవాళ్ళకు శివాజీ ఇంకా అక్కడే కనిపించాడు. గుండిగ చీలికల మీద ఈగలు ముసురుతున్నాయి.

కర్ర జారిందన్నాడు నరసింగరావు. పోలీసులు నమ్మారు, రెండు ఊళ్ళూ నమ్మాయి. ఎల్లాజీ నమ్మలేదు. అది నమ్మితే ఇక తిట్టుకోవడానికి తను తప్ప ఎవరూ మిగలరు. ఆ రోజు అందరికంటే గట్టిగా ఈల వేసింది అతనే. తమ్ముడు కాళ్ళు తన్నుకుంటుంటే నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేసి, లోపలికి పరిగెత్తి, రెండు సీట్ల మీద తువ్వాలు పరిచి, గంటన్నర సేపు తమ్ముడి సీటుకు కాపలా కాశాడు. ఈ మాట ఈశ్వరికి కూడా చెప్పలేదు. చెప్పలేని సిగ్గు అది, పదేళ్ళుగా లోపల కుళ్ళి పగగా మారింది.

ఈసారి గుండిగ పొలాల ఊరి వంతు, కెప్టెన్ వేషం ఎల్లాజీది. కుర్రాళ్ళు భయపడి వెనకడుగు వేస్తే, యాభై దాటిన నరసింగరావు తనే పెట్టుకుంటానని కబురు పంపాడట. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు ఎల్లాజీ.

పదిన్నరకే హాలు ముందు ఇసుక వేస్తే రాలని జనం. తప్పెట్లు మోగుతున్నాయి. యుద్ధం మొదలైన కాసేపటికే ఆట కాస్తా కొట్లాటైంది. ఒకడికి పళ్ళు రాలాయి, ఇంకొకడి చెవి చీలింది. ఎవరూ ఆపలేదు, అలాగే ఉండాలి మరి. జట్లు రెండూ పక్కకు తప్పుకుని కెప్టెన్‌కూ దొరకూ చోటు ఇచ్చాయి.

ఎల్లాజీ ముందు మోకాలి చిప్ప మీద కొట్టాడు. అది ఆటలో లేని దెబ్బ. నరసింగరావు కుంటుతూనే నిలబడ్డాడు. తర్వాత ఎల్లాజీ అతని వేళ్ళ మీద కొట్టాడు, కర్ర జారిపోయింది, రెండు వేళ్ళు వెనక్కి విరిగి వేలాడాయి. నరసింగరావు ఆ కర్ర మళ్ళీ తీసుకోలేదు, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. అలా నిలబడినందుకు ఎల్లాజీకి ఒళ్ళు ఇంకా మండిపోయింది.

మొదటి దెబ్బకు గుండిగ సొట్టపోయింది. నరసింగరావు మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బకు ఇత్తడి చిట్లింది. కళ్ళ చీలికల్లోంచి రక్తం బుడబుడమని వచ్చి గడ్డం మీదుగా చొక్కాలోకి దిగింది.

జనం ఊగిపోయారు. ఈసారి రంగు బాగా కలిపారని ఎవడో మెచ్చుకున్నాడు. వన్స్ మోర్ అని ఇంకెవడో అరిచాడు. ఎల్లాజీ అంచు కింద మెడ చూసుకుని, కర్ర రెండు చేతులా పైకెత్తాడు.

అప్పుడు ఒక ఈల వినబడింది. అన్ని ఈలల్లోకీ అది వేరుగా, పొడుగ్గా ఉంది. నరసింగరావు కూతురు రాణి గోడ మీద నిలబడి ఉంది, శ్రీకాకుళంలో డిగ్రీ చదివే పిల్ల. నోట్లో రెండు వేళ్ళు పెట్టుకుని, నాన్న ఎంత బాగా చేస్తున్నాడో చూడండి అన్నట్టు, ముఖమంతా వెలిగిపోతూ ఈల వేస్తోంది. ఆ ముఖం ఎల్లాజీకి తెలుసు. పదేళ్ళ కిందట అది తన ముఖమే.

కర్ర వదిలేశాడు.

"ఆపండి," అన్నాడు. "ఈలలాపండి. మనిషి సచ్చిపోతన్నాడు."

అది సినిమాలో మాటేనేమో అనుకుని జనం రెట్టింపు ఈలలు వేశారు. గేటు తీయాలంటే మూడో దెబ్బ పడాలి. వెనక నుంచి తోపులాట మొదలైంది. నువ్వు కొట్టకపోతే మేం కొడతామంటూ పల్లెజట్టులోని బలిష్ఠుడొకడు ఆ కర్రే తీసుకుని ఎత్తాడు. ఎల్లాజీ నరసింగరావు మీద అడ్డంగా పడ్డాడు. తను దూర్చిన ఊచ తన భుజం మీదే దిగింది, ఎముక విరిగిన చప్పుడు తనకే వినబడింది. గేటు తీశారు. జనం ఇద్దరినీ తొక్కుకుంటూ లోపలికి పోయారు. ఎవరి మడమో అతని దవడ మీద పడి, నోరంతా మన్నూ రక్తమూ నిండింది.

బయట ముగ్గురే మిగిలారు. రాణి గోడ దిగి వచ్చి గుండిగ లాగింది. లోపల తలపాగా లేదు. నెరిసిన జుట్టు, తెరుచుకున్న చర్మం, అంతే.

"తలపాగా సుట్టుకోమంటే ఒద్దన్నాడు," అంది రాణి ఏడుస్తూ. "శివాజీకేసినట్టే తనకీ పడాల, బట్టడ్డం పెట్టుకోనన్నాడు. నాకు అర్థం కానేదు."

ఎల్లాజీకి అర్థమైంది. కొట్టిన చెయ్యి కొరికేసుకోవాలనిపించింది. బాగున్న చేత్తో నరసింగరావు తల ఒళ్ళోకి తీసుకున్నాడు. ఊపిరి ఉంది, గరగరమంటోంది. ఆటో శ్రీకాకుళం ఆసుపత్రికి చేరేదాకా ఆ గరగర ఆగకూడదని, అంతవరకు ఎన్నడూ మొక్కని దేవతలందరికీ మొక్కాడు.

నరసింగరావును లోపలికి తీసుకెళ్ళాక, ఆసుపత్రి కానిస్టేబుల్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. సినిమా హాలు దగ్గర నుంచి వచ్చారని విని, ముందు అడిగిన మాట సినిమా ఎలా ఉందని. తనకు సాయంత్రం ఆటకు టికెట్టు ఉందట.

సూడనేదన్నాడు ఎల్లాజీ. ఎదురుగా బల్ల మీద రాణి కూర్చుని ఉంది. ఆమె తన రెండు వేళ్ళను చున్నీ అంచుతో తుడుస్తోంది, తుడిచినవే మళ్ళీ తుడుస్తోంది.

"కొట్టింది నానే," అన్నాడు. "కర్రలో ఊచెట్టి కొట్టినాను. పేరు ఎల్లాజీ, రాసుకోండి. పదేళ్ళ కిందట మా తమ్ముడు సస్తంటే ఈలేసిందీ నానే. అదీ రాసుకోండి."

ఈల వెయ్యడం కేసు కాదన్నాడు కానిస్టేబుల్.

"రాసుకోండి," అన్నాడు ఎల్లాజీ.