నూనె తాగిన బ్రేకు

ఎదురింటి టైలరమ్మ పాలావిడతో అందట. పాలావిడ అత్తతో అంది. అత్త ఆ మాటని టీ గ్లాసుతో పాటు షెడ్డులోకి తెచ్చి కోడలి ముందు పెట్టింది. "ఆడదాని పెత్తనం వచ్చాక ఆ షెడ్డులో ఇనుము కూడా మాట వినడం లేదట. ఇంజను గాల్లో ఉండగానే దానంతటది దిగిపోయిందట. కింద మనిషుంటే పచ్చడయ్యేవాడట."

"ఉన్నాడా మనిషి?" అంది కోడలు టీ అందుకుంటూ.

"లేడుగా."

"ఎందుకు లేడు? బరువు కింద ఎవర్నీ నిలబడనివ్వను కనక. ఆ ముక్క టైలరమ్మ చెప్పలేదా?"

"నీ గురించి మంచి ముక్క చెప్తే ఆవిడకి అన్నం అరగొద్దూ!" అంది అత్త.

మాట మొత్తం గాలి కబురేం కాదు. నిన్న సాయంత్రం పిండిమర ఆసామి మరమ్మతుకిచ్చిన ఇంజనుని, దూలానికి వేలాడే చైన్ పుల్లీతో ట్రక్కులోకి ఎక్కించబోయింది కోడలు. చేతిగొలుసు వదిలి నిలబడ్డాక, కొక్కేనికి వేలాడుతున్న ఇంజను ఎవరూ లాగకుండానే మెల్లగా జారుకుంటూ వచ్చి కింద పరిచిన దుంగల మీద కూర్చుంది. ఇంజనుకి గీత పడలేదు. పడిందల్లా కోడలి పరువు మీదే. "చేతకాని పని నెత్తికెత్తుకోవడం దేనికమ్మా? పొద్దున వస్తా. నా ఇంజను ట్రక్కెక్కిందా సరే, లేదా ఈ గడప మళ్ళీ తొక్కను" అని ఆసామి వీధి వీధంతా వినేలా అరిచి వెళ్ళాడు. అతను వెళితే అతని వెనక నాలుగు మరల వాళ్ళు వెళతారు. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

అయినా ఆమె కంగారు పడలేదు. బరువు జారిందంటే కారణం పుల్లీలోనే ఎక్కడో ఉంటుంది, నుదుటి మీద ఉండదు కదా. టీ గ్లాసు పక్కన పెట్టి, ఖాళీ కొక్కెం పైకి వెళ్ళేలా చేతిగొలుసు లాగింది. లోపల టిక్కు టిక్కుమని శుభ్రంగా వినిపించింది. వెనక్కి తిరగనివ్వని పన్ను, దాని స్ప్రింగు బాగానే ఉన్నాయన్నమాట. బరువు గొలుసుని చేతుల్లోంచి జార్చుకుంటూ లంకె లంకె చూసింది. మెలిక లేదు, సాగలేదు. కొక్కెం నోరు తెరుచుకోలేదు. ఇక మిగిలింది బ్రేకు.

పుల్లీని దూలం నుంచి దించి బల్ల మీద పెట్టింది. పక్క మూత విప్పి, చేతిగొలుసు తిరిగే చక్రాన్ని మర తిప్పి బయటికి తీసింది. దాని వెనకున్న బ్రేకు బిళ్ళలు రెండూ తలంటుకున్న పిల్లల్లా నిగనిగలాడుతున్నాయి. వేలు పెట్టి చూస్తే వేలే జారింది.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న మామగారు ఆ వేలి వంక చూసి, చూపు వీధిలోకి తిప్పుకున్నాడు. షెడ్డు పెట్టింది ఆయనే. మోకాళ్ళు మొరాయించాక పని కోడలికి వదిలాడు కానీ, నూనె డబ్బా మాత్రం వదల్లేదు. తలుపు మడతబందులు, కత్తెర్లు, సైకిలు పెడళ్ళు, కిర్రుమన్న ప్రతిదానికీ ఆయన చేతి చుక్క పడాల్సిందే.

"మామయ్యా, ఇందులో పోశారా?"

"దించేటప్పుడు ఏడుస్తోందే అది! చెవులు చిల్లులు పడుతుంటే మూత తీసి నాలుగు చుక్కలు వేశా. తప్పా?"

"గొలుసుకి ఎంతైనా పట్టించండి, వద్దనను. ఇక్కడ మాత్రం వద్దు. ఈ బిళ్ళలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే బరువు ఆగేది. నూనె పోస్తే ఏం పట్టుకుంటాయి?"

"నేను బరువులెత్తేనాటికి నువ్వు పుట్టలేదు."

"నేను పుట్టకముందు కూడా నూనె జారేది, మామయ్యా."

అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన నూనె డబ్బాని స్టూలు కిందికి నెట్టేశాడు.

నూనె పీల్చిన బిళ్ళల్ని తుడిచి మళ్ళీ పెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. అటకమీద కాగితంలో చుట్టిపెట్టిన కొత్త జత తీసింది. వాటికి ఒరుసుకునే ఇనుప ముఖాల్ని పెట్రోలు గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగింది. చేతులు సబ్బుతో కడుక్కుని మరీ బిళ్ళలు కూర్చింది. పుల్లీని దూలానికి తగిలించి, ముందు పాత దాగలి దిమ్మెని జానెడు ఎత్తి గొలుసు వదిలేసింది. గొలుసు మీద సుద్దముక్కతో గీసిన గీత కదలకుండా అక్కడే నిలిచింది. చల్లారిన టీ తాగి మళ్ళీ చూసింది. గీత అక్కడే ఉంది.

ఆసామి ట్రక్కుతో సహా దిగాడు. "ఏమ్మా, ఈరోజన్నా నిలుస్తుందా?"

"మీరు ఆ గోడ దగ్గర నిలబడండి, ఇంజను సంగతి నేను చూసుకుంటా."

ఇంజను లేచింది. నేలకి కొద్ది ఎత్తులో ఆపి, గొలుసు వదిలి, చేతులు కట్టుకుని నిలబడింది. బరువు బిగదీసుకుని ఊరుకుంది. ఎదురింట్లో మిషను చప్పుడు ఆగి, టైలరమ్మ గుమ్మంలోకి వచ్చింది. కోడలు మళ్ళీ గొలుసందుకుని ఇంజనుని ట్రక్కు ఎత్తుకి లేపింది. ట్రక్కుని ఇంజను కిందికి తోయించి, మెల్లగా దాని మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు దింపింది.

"ఇంతకీ ఏమైందమ్మా?" అన్నాడు ఆసామి.

"బ్రేకు బిళ్ళలు మార్చా." నూనె ఊసెత్తలేదు ఆమె.

ఆసామి మొహం విప్పారింది. సరాసరి స్టూలు దగ్గరికెళ్ళి దణ్ణం పెట్టాడు. "నాకు తెలుసు పెద్దాయనా, రాత్రి మీరు కూర్చుని సరిచేయించి ఉంటారు. మీరుండబట్టి గట్టెక్కాం, లేకపోతే ఈ అమ్మాయి వల్ల ఏమయ్యేది?"

కోడలు కొక్కేన్ని పైకి లాగుతూ ఆగింది. అత్త మామగారి వంక చూసింది.

ముసలాయన మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు.

"చెడగొట్టింది నేను. బాగుచేసింది మా కోడలు. తెలుసుకోకుండా నిన్న వీధిలో నోరు పారేసుకున్నది నువ్వు."