సుద్దగీత పడిన డిజిటల్ బోర్డు

డిజిటల్ బోర్డు వాడకాన్ని టీచర్లే ఒకరికొకరు నేర్పుకోవచ్చని ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారన్న కబురు వినగానే, సైన్స్ టీచర్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇక ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని చూసుకోవచ్చు!

"అందరూ కాదు," అన్నాడు బోర్డు గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకునే సూపర్‌వైజర్. "లెక్కల మేడమ్‌ని వదిలేయండి. పోయినసారి ఆ తెర మీద సుద్దముక్కతో రాశారావిడ!"

స్టాఫ్ రూమంతా గొల్లుమంది. రిటైర్మెంట్‌కి దగ్గరపడిన లెక్కల టీచర్ తల వంచుకుని, తినకుండానే టిఫిన్ డబ్బా మూత బిగించుకుంది. ఇంకొక్క మాట పడితే ఆవిడ ఈ జన్మలో బోర్డు ముట్టుకోదని సైన్స్ టీచర్‌కి తెలిసిపోయింది.

"రాస్తే ఏమైందండీ? తుడిస్తే పోయింది. మీరు ఆ గదికి తాళం వేసి ఉంచితే మాలో ఎవరైనా నేర్చుకున్నది మాత్రం ఏముంది? అక్క లేకపోతే నేనూ లేను."

"పాడైతే?"

"ఇద్దరం కలిసే చీవాట్లు తింటాం. తాళంచెవి ఇలా ఇవ్వండి."

చాచిన చెయ్యి ఆమె దించలేదు. సూపర్‌వైజర్ గొణుక్కుంటూ ఇచ్చాడు.

"మళ్లీ తప్పు చేస్తానేమోనే పిల్లా," అంది లెక్కల టీచర్ మెల్లగా.

"చెయ్యండక్కా! తర్వాత నా క్లాసుకొచ్చి నా తప్పులు పట్టుకోండి."

ఆవిడ ఫక్కున నవ్వి, డబ్బా మూత తీసి, సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"రేపు మొదటి పీరియడ్ నాదే. ఆ తెర మీద వృత్తం గీస్తాను. మీరూ వచ్చి వెనక బెంచీలో కూర్చోండి సార్, నేర్చుకుందురుగాని."