మా ఆయన పళ్ళ శాంపిలు

మా పెళ్ళి ఫోటోలో నేను నవ్వుతున్నాను. పక్కన మా ఆయన మాత్రం ఇంజక్షనుకి చెయ్యి చాపిన మనిషిలా నోరు బిగించుకుని ఉన్నారు. ఆ ఫోటో చూసి మా మేనత్త ఎలిజబెత్ అందరి ముందూ, పెళ్ళికొడుక్కి పిల్ల నచ్చలేదేమోనే అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుని నాలో అలాగే ఉండిపోయింది. నచ్చకపోవడం కాదు, అసలు గొడవ పళ్ళది. వక్కపొడీ, మిల్లు మిల్లుకీ తాగే టీలూ కలిసి ఆయన పళ్ళను ఏనాడో పచ్చగా చేసేశాయి. కెమెరా కనబడితే చాలు, పెదవులు వాటంతటవే మూతపడతాయి. కారణం తెలిసినా బాధ బాధే కదా. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఫోటోలో కూడా ఆయన నా పక్కన నవ్వలేదు.

అందుకే మా అమ్మాయి డయానాకి పెళ్ళి కుదరగానే ఆయన్ని ఒక్కటే అడిగాను. చీర వద్దు, గొలుసు వద్దు, పెళ్ళిలో నా పక్కన నిలబడి పళ్ళు కనబడేలా నవ్వి ఒక్క ఫోటో దిగండి చాలన్నాను. సరేనన్నారు గానీ, చీర అడిగినా బాగుండేదని మొహమే చెప్పింది.

విజయవాడలో ఉద్యోగం చేసే డయానా, పళ్ళు తెల్లబరిచే స్ట్రిప్పులు ఒక పెట్టె పంపింది. పల్చటి రిబ్బను ముక్కల్లా ఉంటాయవి, ఒకవైపు జిగురుగా మందు. పళ్ళకు అంటించి అరగంట ఉంచాలి. పెట్టె మీద ఖరీదు చూసి మా ఆయన నోరు వెళ్ళబెట్టారు. పళ్ళెంత పచ్చగా ఉన్నాయో అప్పుడు ఇంకా బాగా కనబడింది.

ఇక్కడ ఆయన వృత్తి గురించి చెప్పాలి. బాలశౌరి గారంటే పామర్రు చుట్టుపక్కల రైతులకూ మిల్లులకూ మధ్య ధాన్యం బేరాలు కుదిర్చే మనిషి. ఒక్క శాంపిలు చూసి సరుకు మెచ్చుకోవడం ఆయన ఇంటావంటా లేదు. మర్నాడే బెజవాడ వెళ్ళి బీసెంట్ రోడ్డులో అలాంటివే చవకవి ఇంకో పెట్టె తెచ్చారు. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుందట. అలా నోటిని చెరిసగం చేసి, ఒకవైపు ఖరీదువి, ఒకవైపు చవకవి అన్నారు. ఎటు ఏవైతే ఏముందిలే అన్నాను. అలా కుదరదు, ఖరీదువి ఎడమవైపే అని పట్టుబట్టారు. ఎందుకని అడిగేలోపు స్ట్రిప్పులు అంటించుకుని నోరు మూసుకున్నారు.

ఆ అరగంటల్లో మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పలేను. రోజంతా ఫోన్లో కేకలు పెట్టే మనిషి ఊఁ, ఊహూఁ అంటూ బేరాలు చేశారు. మాట రాక మూలిగితే, బేరం నచ్చలేదనుకుని మిల్లువాళ్ళే దిగొచ్చారని తర్వాత గొప్పలు పోయారు. నేనేమో టీ మానిపించాను, గోంగూర మానిపించాను, మూడు పూటలా పెరుగన్నమే పెట్టాను. పాపం, బాలింతరాలిలా పథ్యం చేశారు.

పెట్టెలు సగం ఖాళీ అయ్యాక వాకిట్లో ఎండలో కుర్చీ వేశాను. బియ్యం తెలుపు చూడ్డానికి ఆయన వాడే నల్లగుడ్డ గడ్డం కింద పట్టి, అద్దం చేతికిచ్చాను. ఎడమవైపు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కుడివైపు కూడా ఏదో మారిందని కాసేపు వాదించారు, అది ఆయన కొన్న సరుకు కదా. చివరికి ఆయనే తేల్చారు, ఎడమవైపు డబుల్ పాలిష్, కుడివైపు దంపుడు బియ్యం అని.

మిగిలిన ఖరీదు స్ట్రిప్పులు కుడివైపు వేస్తే సరిపోతుందనుకున్నాను. అక్కడే చిక్కొచ్చింది. రెండో పంట, దాళ్వా ధాన్యం కళ్ళాల్లోకి వచ్చే రోజులవి. తేమ చూసే మిషన్లు ఎన్నొచ్చినా, మా ఆయన గింజను పంటికింద వేసి కొరికి, టక్కుమని విరిగితేనే ఎండిందని నమ్ముతారు. ఇప్పుడు స్ట్రిప్పుల మందు దెబ్బకి ఎడమవైపు కొరికితే జివ్వుమని నడినెత్తికి ఎక్కుతోంది.

"రెండువైపులా జివ్వుమంటే నేను ధాన్యం ఎట్టా చూడాలి అమలా? ఈ సీజను పోయిందాకా కుడివైపు జోలికి రామాక" అన్నారు.

సీజను పోయేలోపు పెళ్ళే అయిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోరిక కన్నా వడ్లగింజే ఎక్కువైంది ఆ మనిషికి. డయానాకి ఫోన్ చేసి చెబితే అది పడీపడీ నవ్వింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇక ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళిరోజు చర్చి మెట్ల మీద డయానా మా ఇద్దరినే నిలబెట్టి ఫోటో తియ్యమంది. ఫోటోగ్రాఫరు బెన్నీ, కాస్త నవ్వండి నాన్నగారూ అని బతిమాలుతూనే ఉన్నాడు. మా ఆయన నోరు బిగించే ఉంది. ఎదురుగా కుర్చీలో మా మేనత్త కళ్ళజోడు సర్దుకుని చూస్తోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సగం నవ్వినా చాలండీ" అన్నాను ఆయన్ని చూడకుండానే.

ఆయన నావైపు తిరిగారు. "పెళ్ళినాటి నుంచీ నువ్వు నిలబడేది నా ఎడమపక్కే గదా. మంచి సరుకు ఇటు వేసింది ఎవరి కోసమనుకున్నావు?" అని నవ్వేశారు. సగం కాదు, నోరారా నవ్వారు. బెన్నీ అదే అదనుగా ఫోటో కొట్టేశాడు.

ఆ ఫోటో ఇప్పుడు మా హాల్లో పాత పెళ్ళి ఫోటో పక్కనే ఉంది. ఎన్ని శాంపిళ్ళు చూస్తేనేం, మా ఆయన ఒక్క సంగతి మరిచిపోయారు. నావైపు మొహం తిప్పితే కెమెరాకి కనబడేది కుడివైపు. ఫోటోలో ఉన్నవన్నీ దంపుడు పళ్ళే. చూసినవాళ్ళంతా అయ్యో, ఆ స్ట్రిప్పులు పనిచెయ్యలేదా అని జాలిపడతారు. పనిచేశాయి. ఆ తెలుపు ఆరోజు నేనొక్కదాన్నే చూశాను.

మా మేనత్త మాత్రం పళ్ళ మాటే ఎత్తలేదు. ఫోటోను చాలాసేపు చూసి, "పిల్ల నచ్చిందేవ్" అంది.