ఏమంత అధ్వానంగా లేదు

మా పెళ్ళై పదకొండు వారాలు. ఎస్బెన్ పొద్దున్నే బ్రెడ్డుకి వెన్న రాస్తూ ఈల వేస్తుంటే, ఇలాంటి భాగ్యం ఇంకెవరికైనా ఉందా అనిపిస్తుంది నాకు. ఆ మైకంలోనే మా పెళ్ళి విందులో నోరు జారాను. మామగారు ఐనర్ కాఫీ కలుపుకుంటూ, "జూన్‌లో నాకు డెబ్బై నిండుతాయి. అకార్డియన్ వాయించే మా అన్న పోయాడు. పాటకి ఈసారి ఎవరో ఏమో" అన్నారు.

"నేనున్నాగా! గిటార్ వాయిస్తాను" అన్నాను.

నాకు గిటార్ రాదు.

మా దేశంలో పుట్టినరోజంటే, అందరికీ తెలిసిన పాట వరసకి ఇంటివాళ్ళే కొత్త మాటలు కట్టి, అచ్చువేసి, పళ్ళేల పక్కన పెడతారు. అందరూ కలిసి పాడాలి. తోడుగా వాద్యం లేకపోతే పదకొండు చరణాలూ పదకొండు దార్లు పడతాయి. కొత్త కోడలు మొదటిసారి నలుగురిలో చేయబోయే పని ఇది. చెడితే ఈ వంశం నన్ను ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటుందో నాకు తెలుసు.

ఊళ్ళో నేర్పేది హోల్గర్ ఒక్కరే. పడవలు చేసి చేసి విశ్రాంతి తీసుకుంటున్న వడ్రంగి. నేను పెరిగింది కోపెన్‌హేగన్‌లో. అక్కడ నాకు పియానో నేర్పిన ఆవిడ నేను మూత తెరిస్తేనే "అద్భుతం!" అనేది. ఇక్కడ, జట్లాండ్ పడమటి ఒడ్డున, హోల్గర్ ఏడు వారాల్లో నాతో అన్న మాట ఒక్కటే: "మళ్ళీ."

తీగల మీద జి కార్డ్ పట్టు నుంచి సి కార్డ్ పట్టుకి మారాలంటే నా వేళ్ళు దారి తప్పిన గొర్రెల్లా ఒకదాన్నొకటి తోసుకునేవి. వేలికొసలు కాయలు కాచాయి. వాటిని ఎస్బెన్ బుగ్గకి రుద్ది "గరుగ్గా ఉన్నాయా?" అని అడిగి మురిసిపోయేదాన్ని. నా ప్రగతికి అప్పటికి అదొక్కటే రుజువు.

పుట్టినరోజు శనివారం. బుధవారం చివరి పాఠం. పాటంతా ఎక్కడా ఆగకుండా వాయించేసి, ఊపిరి బిగబట్టి అడిగాను.

"చెప్పండి హోల్గర్, శనివారం వాయించొచ్చా?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. చెవి గోక్కున్నారు.

"ఏమంత అధ్వానంగా లేదు" అన్నారు.

సైకిల్ మీద ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. ఎదురుగాలికి కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. అధ్వానమే, కాకపోతే మరీ అంత కాదు! పరువుండగానే తప్పుకోవడం మంచిదని మామగారికి ఫోన్ చేశాను.

"ఐనర్, నా వల్ల కాదు. స్పీకర్ పెట్టి వరస వినిపిద్దాం. సరేనా?"

"సరే" అన్నారు.

ఎంత మంచి మనిషి! మనసు తేలికపడింది. ఎస్బెన్ పని నుంచి వచ్చి జరిగిందంతా విని, విప్పిన బూటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"హోల్గర్ ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు."

"ఏమంత అధ్వానంగా లేదన్నారు."

"నా పిచ్చి గ్రీ! మా వైపు దానికి పైన మెట్టు లేదు. మనవడు పుడితే ఉయ్యాల్లోకి తొంగి చూసి 'వీడు పనికొస్తాడు' అన్న మనిషాయన!"

"మరి అద్భుతంగా ఉంటే ఏమంటారు?"

"అద్భుతం అనేది కోపెన్‌హేగన్ నుంచి వచ్చినవాళ్ళు వండితే అంటాం. తినలేకపోయినప్పుడు." నేను పోయిన ఆదివారం వండిన చేపల పులుసు గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత తేలుద్దామనుకున్నాను. "సర్లే, నాన్న ఏమన్నాడు?" అన్నాడు ఎస్బెన్.

"సరే అన్నారు."

ఎస్బెన్ మొహం పాలిపోయింది. "ఉత్త సరేనా? ఇంకేం అనలేదా? అయ్యో, బాగా మనసు కష్టపెట్టుకున్నాడే!"

వెంటనే మళ్ళీ ఫోన్ చేశాను. "ఐనర్, స్పీకర్ వద్దు. నేనే వాయిస్తాను."

"సరే" అన్నారు. రెండు సరేలకీ వెంట్రుకవాసి తేడా నాకు వినపడలేదు. ఫోన్‌కి చెవి ఆనించిన ఎస్బెన్ మాత్రం "అబ్బ, ఎంత సంతోషపడ్డాడో!" అని నన్ను ఎత్తి గిరగిర తిప్పాడు.

శనివారం నలభై మంది. ఆరు చరణాలు వేళ్ళు నా మాట విన్నాయి. ఏడో చరణంలో మామగారు ట్రాక్టర్‌తో సహా కాలవలోకి దిగిన కథ వచ్చింది. నవ్వు ఆపుకోలేక సి కార్డ్ తప్పాను. వాళ్ళు ఆగలేదు, నా వైపు చూడనైనా లేదు. ఎనిమిదో చరణంలో మళ్ళీ వాళ్ళని అందుకున్నాను.

పాట అయింది. చప్పట్లు అందరి కోసమూ కొట్టారు. ఆ తర్వాత కేకు మీద పడ్డారు. నాతో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఈ ఊళ్ళో అది మంచో చెడో అడుగుదామంటే ఎస్బెన్ దూరంగా పళ్ళేలు సర్దుతున్నాడు.

మామగారు రెండు పళ్ళేల్లో కేకు పట్టుకొచ్చి, ఒకటి నా ముందు పెట్టి, పక్కనే కూర్చున్నారు. చాలాసేపు తిన్నారు.

"ఆగస్టు ఇరవైమూడున నీకేం పనుందా?"

"ఎందుకు?"

"మా చెల్లెలిది ఇరవై అయిదో పెళ్ళిరోజు. పద్నాలుగు చరణాలు." మరో ముక్క తిన్నారు. "అక్టోబర్‌లో మా బావ పుట్టినరోజు. దాని పాట ఇంకా రాయలేదు, పొడుగే ఉంటుంది. క్రిస్మస్ సంగతి సరేసరి."

ఆగస్టు ఇరవైమూడున మేమిద్దరం ఇటలీలో ఉండాలి. హనీమూన్. టికెట్లు మా మంచం పక్క సొరుగులో ఉన్నాయి, రోజూ ఒకసారి తీసి చూసుకుంటాం.

"ఏం పనీ లేదు" అన్నాను.