ఎవరి శిష్యురాలు

లాండ్రీలో ఆమెను అందరూ నిదానం అని పిలిచేవారు. దుప్పటి నాలుగు మూలలూ కలిసేదాకా మడత వదలదు. ఎవరైనా ఏమైనా అడిగితే బాగా ఆలోచించుకున్నాకే నోరు తెరుస్తుంది. "వదిన జవాబు చెప్పేలోగా దుప్పట్లు వాటంతటవే ఆరిపోతాయి" అని చిలక నవ్వేది. చిలక అక్కడే పనిచేసే పిల్ల. నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఆ పేరు.

ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే దుప్పట్లను అక్కడ ఉతికి ఇస్త్రీ చేస్తారు. చేత్తో చేసే ఇస్త్రీ కాదది. గది పొడుగునా ఒక యంత్రం, దాని కడుపులో కాగుతూ తిరిగే రోలర్లు. ఇటు ఇద్దరు తడి దుప్పటి అంచు పట్టి అందిస్తే అటు పొడిగా వస్తుంది, అక్కడ మరో ఇద్దరు మడతపెడతారు. అందించేవైపు రోలరు ముందు ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలిందా, యంత్రం ఆగిపోతుంది. అయితే బరువైన దుప్పటి తగిలినా ఆగేది. ఆగిన ప్రతిసారీ లోపల ఇరుక్కున్న బట్ట మాడేది. అందుకని మేస్త్రీ ఆ కడ్డీని చిరిగిన దుప్పటి అంచుతో వెనక్కి లాగి కట్టేశాడు. అందించేవాళ్ళకు ఆ సంగతి తెలుసు, చేతులు దూరంగా పెట్టుకునేవారు.

నిదానానికి ఆయన మేస్త్రీ మాత్రమే కాదు, అన్నయ్య. తోడబుట్టినవాడు కాకపోయినా అంతకంటే ఎక్కువ. భర్త పోయి, అత్తతో ఒక్క గదిలో మిగిలిపోయి, పగలూ రాత్రీ తేడా తెలియక పడి ఉన్నప్పుడు ఈ పనిలో పెట్టించింది ఆయనే. ఆదివారం ప్రార్థనకు తీసుకువెళ్ళిందీ ఆయనా, ఆయన భార్యా. ఆయన చర్చి సంఘంలో పెద్ద. బాప్తిస్మానికి ముందు బైబిలు వాక్యం దగ్గర కూర్చోబెట్టి, వేలు పెట్టి చూపిస్తూ చదివించాడు. "నమ్మడం వేరు, వెంట నడవడం వేరు చెల్లెమ్మా. నమ్మేవాళ్ళు వీధినిండా ఉన్నారు. నడిచేవాళ్ళే తక్కువ" అనేవాడు. ఆ మాట ఆమె గుండెలో పదిలంగా దాచుకుంది.

ఆ రోజు నిదానంతో కలిసి దుప్పటి అందించే ఆమె పనికి రాలేదు. మేస్త్రీ మడతల వైపు నుంచి చిలకను పిలిచి నిదానం పక్కన నిలబెట్టాడు. కడ్డీ కట్టి ఉందని చిలకకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని నిదానానికి తోచింది. ఈ దుప్పటి అయ్యాక చెబుదామనుకుంది. అంతలో ఒక మూల ముడుచుకుపోయింది. చిలక ఏదో కబురు చెబుతూనే దాన్ని సరిచేయడానికి వేళ్ళు లోపలికి పెట్టింది.

తరువాత జరిగింది నిదానానికి ముక్కలుముక్కలుగానే గుర్తుంది. అరుపు. ఎవరో పరుగెత్తి పెద్ద మీట దించడం. కాలిన వాసన. చిలకను అందరూ కలిసి తలుపు వైపు మోసుకుపోవడం. ఒక్కటి మాత్రం ముక్కలు కాకుండా స్పష్టంగా గుర్తుంది. అందరూ తలుపు దగ్గరున్నప్పుడు మేస్త్రీ ఒక్కడూ వెనక్కి వచ్చి, కడ్డీకి కట్టిన పీలిక విప్పి జేబులో కుక్కుకున్నాడు. తల ఎత్తితే ఎదురుగా నిదానం.

మర్నాడు ఆయన ఆమెను డ్రయ్యర్ల వెనక్కి పిలిచాడు. ఆ మోతలో పక్కవాళ్ళకు ఏమీ వినబడదు.

"తనిఖీ ఆఫీసరు వస్తాడు చెల్లెమ్మా. నిన్ను అడుగుతాడు. కడ్డీ బాగానే ఉంది, ఆ పిల్లే కబుర్లలో పడి చూసుకోలేదు. అంతే. సరేనా?"

నిదానం ఆలోచించలేదు. జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా జవాబు చెప్పింది. తల ఊపింది.

ఆ ఊపిన తలే ఆమెకు శత్రువైంది. ముద్ద గొంతు దిగదు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఆ పీలిక కనబడేది. అన్నయ్య ఆదివారాలు ఎన్ని మాటలు చెప్పాడు! అవుననేది అవునుగా, కాదనేది కాదుగా ఉండాలన్నాడు. ఆ మాటలు చెప్పిన నోరే ఈ మాటా చెప్పింది. ఇప్పుడు ఏది వినాలి?

చిలకను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళింది. కుడిచేయి మోచేతి దాకా కట్టు. మందుల మత్తులో కూడా చిలక మాట్లాడుతూనే ఉంది, కానీ అవి మునుపటి మాటలు కావు.

"నా తప్పేనంట వదినా. లాండ్రీ వాళ్ళొచ్చి చెప్పారు. నా అజాగ్రత్తకి వాళ్ళ పూచీ లేదంట. నిజమే కాబోలు, నేనెప్పుడూ వాగుతూనే ఉంటా కదా." కట్టు వైపు చూసుకుని, "కానీ ఒకటి అర్థం కావట్లేదు. నా చెయ్యి కడ్డీకి తగలాలి కదా? మరి మిషన్ ఎందుకాగలేదు?" అంది.

"పడుకో. ఎక్కువ మాట్లాడకు" అని మాత్రం అనగలిగింది నిదానం. వరండాలోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. చిలక తన తప్పేనని నమ్మేస్తోంది. కాలిన చేతి కంటే అదే భరించలేనిదిగా అనిపించింది.

ఆఫీసరు రేపు వస్తాడనగా సాయంత్రం అత్త ఆమె ముందు కంచం పెట్టి, తనూ ఎదురుగా చతికిలబడింది. అత్త ఏ ప్రార్థనకూ వెళ్ళదు. "దేవుడికీ నాకూ పాత లెక్కలున్నాయి, మా మధ్య నువ్వు రాకు" అంటుంది.

"కుడితిలో పడ్డ ఎలకలా ఎన్నాళ్ళు కొట్టుకుంటావు? చెప్పు."

నిదానం చెప్పింది. పీలిక సంగతి, తల ఊపిన సంగతి, చిలక అడిగిన ప్రశ్న, అన్నీ.

అత్త గిన్నె మీద మూత సర్దింది. "చెబితే ఉద్యోగం పోతుంది. ఆయన మొహం చూడలేవు. మీ ప్రార్థనవాళ్ళంతా ఆయన వైపే ఉంటారు. అంతేగా నీ భయం?"

"అంతేకాదత్తా. ఆయన లేకపోతే నేనీపాటికి ఉండేదాన్ని కాదు. ఆయన చెయ్యి పట్టుకునే ప్రభువు దగ్గరకొచ్చాను. ఆ చెయ్యి ఎలా విదిలించుకోను?"

"మీ ప్రభువు వెంట కొంతమంది తిరిగారన్నావుగా. ఆయన్ని పట్టుకుపోయినప్పుడు వాళ్ళేం చేశారు?"

"పారిపోయారు."

"మళ్ళీ వచ్చారా?"

"వచ్చారు. ఆయన్ని పట్టిచ్చినవాడు ఒక్కడు తప్ప."

"అయితే మంచిదే. పారిపోయినవాళ్ళు తిరిగి రాకూడదని రూలేమీ లేదన్నమాట" అంది అత్త. "తిను ముందు. చల్లారిపోతోంది."

నిదానం రెండు ముద్దలు తిని లేచింది. ఆఫీసరుతో చెప్పే ముందు అన్నయ్యతోనే చెప్పాలి. వెనక నుంచి దెబ్బ కొట్టకూడదు. తప్పు చేసినవాడి దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడమని నేర్పింది కూడా ఆయనే. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. దారి పొడుగునా, ఆయన ఇంట్లో లేకపోతే బాగుండునని కోరుకుంటూనే నడిచింది.

ఆయన ఉన్నాడు. ఆయన భార్య వంటింట్లోంచి తొంగిచూసి "రామ్మా" అంది. నిదానం కూర్చోలేదు.

"అన్నయ్యా, రేపు నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీకు చెప్పకుండా చెప్పకూడదని వచ్చాను. నాకంటే ముందు మీరే చెప్పేస్తే..."

మేస్త్రీ ముఖం పాలిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"నీకు తెలుసా ఏమవుతుందో? లాండ్రీ మూసేస్తారు. అన్ని ఇళ్ళు ఆ పనిమీదే బతుకుతున్నాయి. నా ఒక్కడి కోసమా నేను దాచేది?"

"చిలక తన తప్పేననుకుంటోంది అన్నయ్యా."

"దానికి నేను సాయం చేస్తాగా! ప్రార్థన చేస్తున్నాను, సంఘంతో చెప్పి..." ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "నీకు వాక్యం చదవడం నేర్పింది ఎవరు? బాప్తిస్మం రోజు నిన్ను నీళ్ళలోకి చెయ్యి పట్టుకుని నడిపించింది ఎవరు? ఎవరి శిష్యురాలివి నువ్వు?"

ఆమె ఎప్పటిలాగే ఆలోచించింది.

"మీ శిష్యురాలినే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదేమో అన్నయ్యా. మీరు నన్ను తెచ్చింది ప్రభువు దగ్గరికి కదా."

"వెళ్ళిపో" అన్నాడు ఆయన.

మర్నాడు ఆఫీసు గదిలో బల్ల వెనక తనిఖీ ఆఫీసరు, పక్కన మేనేజరు, గోడవారగా మేస్త్రీ కూర్చుని ఉన్నారు. నిదానం లోపలికి వచ్చింది. నీళ్ళు అడగాలనిపించింది, అడగలేదు.

"ప్రమాదం జరిగినప్పుడు ఆ కడ్డీ పనిచేస్తోందా?"

"లేదండీ. కట్టేసి ఉంది."

"ఎవరు కట్టారు?"

ఆమె మేస్త్రీ వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఇప్పుడైనా తల ఎత్తుతాడేమోనని ఎదురుచూసింది. ఎత్తలేదు.

"మేస్త్రీ గారు. నాకూ తెలుసు. తెలిసి కూడా ఆ పిల్లకి చెప్పలేదు, అది నా తప్పు."

అప్పుడు ఆయన తల ఎత్తాడు. "సార్, ఈవిడ భర్త పోయినప్పటి నుంచి మనసు స్థిమితంగా ఉండదు. పాపం, ఏదో ఊహించుకుంటుంది" అన్నాడు. ఎంతో జాలిగా అన్నాడు. ఆదివారం రోగుల కోసం ప్రార్థించే గొంతు అది.

ఆ మాట ఆమెను కోసినంతగా భర్త చావు కూడా కోయలేదు. ఏడవకూడదని పళ్ళు బిగించింది. ఆఫీసరు ఏదో రాసుకుని, "సరే, వెళ్ళండి" అన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

ఆ తరువాతి రోజులు ఇంకా కష్టమయ్యాయి. ఆమెను ఇస్త్రీ నుంచి తీసేసి మురికి బట్టలు వేరుచేసే గదిలో వేశారు. రక్తం, వాంతి, ఏమిటో తెలియని మరకలు. పని గురించి ఆమె బాధపడలేదు. ప్రతి అడుగుల చప్పుడుకూ, ఇదిగో పొమ్మనడానికి వస్తున్నారని ఉలిక్కిపడేది. ఆదివారం ప్రార్థనకు వెళితే ఆమె కూర్చున్న బల్ల మీద అటూ ఇటూ ఖాళీ. మేస్త్రీ ముందు నిలబడి ప్రార్థన చేస్తుంటే అందరూ ఆమేన్ అన్నారు. ఆమె కూడా అనబోయింది, నోరు రాలేదు. లేచి వెళ్ళిపోదామని ఎన్నోసార్లు అనిపించింది. వెళితే మళ్ళీ రాలేనేమోనన్న భయంతో చివరిదాకా కూర్చుంది. "ప్రభువా, నేను చేసింది నీ వెంట నడవడమేనా? నా పంతం కాదుగా?" అని అడుగుతూనే ఉంది. జవాబు రాలేదు. వెంట నడవడమంటే ముందున్నవాడి వీపే తప్ప ముఖం కనబడదు కాబోలని తనకు తానే చెప్పుకుంది.

తరువాతి ఆదివారం మేస్త్రీ ప్రార్థనకు రాలేదు. లాండ్రీకి కూడా రావడం లేదు. ఎవరిని అడిగినా తెలియదన్నారు. ఆయనకేమైనా అయిందేమో, తన వల్లే అయిందేమోనని ఇంకొక బెంగ మొదలైంది.

చిలక ఇంటికి వచ్చిందని తెలిసి ఒక మధ్యాహ్నం వెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల అడుగుపెట్టి ఆగిపోయింది. తొట్టి దగ్గర మేస్త్రీ వంగి, చొక్కా చేతులు పైకి మడిచి గిన్నెలు తోముతున్నాడు. ఆ పని ఎప్పుడూ చేసినవాడిలా లేడు, పొట్టంతా తడిసిపోయింది. వెనక దండెం మీద ఆయన భార్య బట్టలు ఆరేస్తోంది.

చిలక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడుకు ఇటు తిరిగింది.

"వచ్చావా వదినా. ఈయన్ని వెళ్ళిపొమ్మని చెప్పు. రోజూ వస్తున్నాడు. వద్దంటే గుమ్మం బయట కూర్చుంటున్నాడు."

మేస్త్రీ తలెత్తలేదు. ఆయన భార్యే నిదానం దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పింది. "ఆ ఆదివారం బల్ల మీద నువ్వొక్కదానివే కూర్చోవడం చూసి తట్టుకోలేకపోయారు. తనే ఆఫీసరు దగ్గరకెళ్ళి అంతా చెప్పేశారమ్మా. ఆ పీలిక కూడా ఇచ్చేశారు. ఉద్యోగం పోయింది. నీ గురించి అన్న మాట తప్పని కూడా చెప్పారు. నీ దగ్గరకి రావడానికే మొహం చెల్లట్లేదు."

లాండ్రీవాళ్ళు చిలక వైద్యమంతా భరించక తప్పలేదు. కడ్డీలన్నీ మార్చారు. కానీ చిలక రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు తేల్చేశాడు. క్షమాపణ ఎవరు చెప్పినా ఆ వేళ్ళు వంగవు. ఆ గదిలో అందరికీ అది తెలుసు.

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?" అంది చిలక నిదానంతో, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. "ఆసుపత్రిలో మిషన్ ఎందుకాగలేదని నేనడిగితే పడుకో అన్నావు. నన్ను పిచ్చిదాన్ని చేశారు మీరంతా. దేవుడు దేవుడంటూ..."

"అవును" అంది నిదానం. ఆలోచించకుండానే అంది.

చిలక జుట్టు చిక్కులు పడి అట్టకట్టి ఉంది. ఎడమచేత్తో దువ్వుకోలేక వదిలేసినట్టుంది. నిదానం కిటికీలో ఉన్న దువ్వెన తీసుకుని మంచం అంచున కూర్చుంది. చిలక తల పక్కకు లాక్కుంది. కాసేపటికి మళ్ళీ మెల్లగా వెనక్కి వాల్చింది. తొట్టి దగ్గర గిన్నెల చప్పుడు మొదలైంది.

నిదానం కింద నుంచి ఒక్కొక్క పాయా విడదీయసాగింది. రేపు లాండ్రీలో తన చోటు ఉంటుందో లేదో, ఈ పిల్ల మళ్ళీ ఎప్పుడైనా తనతో నవ్వుతుందో లేదో, ఏమీ తెలియదు.

"జడ బిగించి వెయ్యకు వదినా, నొప్పి" అంది చిలక.