మిగిలిన స్ప్రింగు

లేదా అసలు ఇది ఈ లారీది కాకపోవచ్చు. కొన్న రోజున సీటు కింద పళ్లూడిన దువ్వెన, ఎవరిదో ఒంటి చెప్పు, వంగిపోయిన మేకులు దొరికాయి కదా. వాటితో పాటే ఈ స్ప్రింగు కూడా ఏ తలుపుదో, ఏ మడత మంచానిదో వచ్చి ఉండొచ్చు. జేబులో చేయి పెట్టి అతను దాన్ని మళ్లీ తడిమాడు. వేలంత పొడవు, రెండు చివర్లా కొక్కేలు, మంచి బిగువు. మంచం స్ప్రింగును ఎవరైనా కిరసనాయిల్లో కడిగి గుడ్డతో తుడుస్తారా? ఇది కడిగి ఉంది. అంటే తనే కడిగాడు. అంటే తనే విప్పాడు.

పొద్దున షెడ్డు ఊడుస్తుంటే గ్రీజు డబ్బా వెనక దొరికింది. అప్పటికే నాలుగు చక్రాలూ బిగించేశాడు. ఎక్కడ ఏది తక్కువైందో ఆ ఇనప బ్రేకు డ్రమ్ముల లోపలే ఉంది, కంటికి కనబడకుండా.

అతనిది కళ్లజోళ్ల షాపు. అక్కడ మిగిలిపోయిన మరలకు ఒక సీసా ఉంటుంది. ఫ్రేము బిగించాక మర మిగిలితే సీసాలో పడేస్తాడు. కళ్లజోడు ముక్కు మీద నిలబడితే చాలు. ఆ అలవాటు కొద్దీ స్ప్రింగు జేబులోకి వెళ్లింది గానీ దాచాలని కాదు. కాదా?

బయట హారన్ మోగింది. కలప మోసి అలిసిపోయిన ఆ పాత లారీకి ముందుగా బాగుపడింది హారనే. దాన్ని వదిలిపెట్టకుండా నొక్కుతున్నది బావ.

"ఏమోయ్ సగం! బండి కదులుతుందా, మమ్మల్నే దిగి తొయ్యమంటావా?"

సగం. ఆ పేరు పెట్టింది బావే. తను ముందుగది గోడకు రంగు వేస్తూ బీరువా దాకా వచ్చి ఆగిపోయాడు. ఈత నేర్చుకోవడం నడుము లోతు దగ్గర ఆపేశాడు. పెళ్లి కూడా సగంలో లేచి వెళ్తాడేమోనని కాపలా కాశానని బావ ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

"ఊరుకోండి," అంది అక్క, భర్త పక్కన సర్దుకుని కూర్చుంటూ. "ఈసారి వాడు పూర్తి చేశాడుగా. కళ్లముందు కనబడుతూనే ఉంది."

బావ వెక్కిరింత కన్నా అక్క నమ్మకమే ఎక్కువ గుచ్చుకుంది.

ఒక వైపు చక్రం విప్పితే రెండో వైపు ముట్టుకోవద్దు, దాన్ని చూసుకుంటూ దీన్ని బిగించుకోవాలి అని బ్రేకుల పని నేర్పే వీడియోలో గడ్డమాయన వేలెత్తి మరీ చెప్పాడు. ఆ రోజు ఎడమవైపు విప్పాక చేతులు ఊరుకోలేదు. కుడివైపు కూడా విప్పేశాడు. ఫొటోలు ఉన్నాయిలే అనుకున్నాడు. తీరా చూస్తే ఒకదాంట్లో తన బొటనవేలు, మిగతా వాటిలో తుప్పు. తుప్పు మాత్రం చాలా స్పష్టంగా పడింది.

విప్పుతున్నంతసేపు మనసు ఎంత తేలిగ్గా ఉండేదో! విప్పే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. బిగించడం మొదలుపెట్టాకే నిద్ర చెడింది. బిగించడమంటే మాట ఇవ్వడం.

అయినా నిన్న షెడ్డులోంచి గేటు దాకా నడిపాడు కదా. బ్రేకు నొక్కితే ఆగింది కదా. ఆగింది. కాస్త ఎడమకు లాగినట్టు అనిపించింది, అంతే. నేల పల్లమేమో.

భార్య ఫ్లాస్కు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు."

"ఏం లేదని మీరన్నారంటే ఏదో ఉన్నట్టే." అతని జేబు వైపు చూసింది. "సరే, గేటు తీస్తాను. బయట ఎక్కుతాను."

అతను క్యాబిన్‌లోకి ఎక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. బావ నోరు తెరిచి, ఏమీ అనకుండానే మూసుకున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి. ఈ క్షణం కోసమేనేమో తను లారీ కొన్నది. ఇలాగే వదిలేస్తే?

గేటు తెరుచుకుంది. గేటు దాటగానే వాలు. వాలు చివర నాలుగు రోడ్ల కూడలి. సంచీ మోసుకుంటూ ఒకామె ఈ పక్కకు గానీ ఆ పక్కకు గానీ చూడకుండా రోడ్డు దాటుతోంది. వాలు మొదట్లో, సరిగ్గా లారీ వెళ్లే దారిలో, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని భార్య చేయి ఊపుతోంది, రమ్మని.

తొడకు స్ప్రింగు కొక్కెం గుచ్చుకుంది.

అతను తాళం వెనక్కి తిప్పాడు.

"అదుగో, ఆగిపోయింది!" అన్నాడు బావ, ఊపిరి తిరిగి వచ్చినవాడిలా.

"ఆగిపోలేదు బావా. నేనే ఆపాను." జేబులోంచి తీసి స్టీరింగు ముందున్న పలక మీద పెట్టాడు. "ఇది మిగిలింది. ఎక్కడిదో నాకు తెలీదు. బ్రేకుదే అనుకుంటా."

ముగ్గురూ దాన్ని చూశారు. అంత చిన్న వస్తువు.

"మరి ఇందాకటి నుంచి చెప్పవేంరా?" అంది అక్క. కోపం కన్నా భయమే ఎక్కువుంది గొంతులో.

"అంటే మళ్లీ సగమేనన్నమాట," అన్నాడు బావ. ఈసారి నవ్వలేదు. తలుపు తీసి ముందు తను దిగి, అక్కకు చేయి అందించాడు.

అతను దిగి, వెనక చక్రాలకు రెండు పక్కలా ఇటుకలు అడ్డం పెట్టాడు. స్పానరు తీసుకుని ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడి చక్రం వైపు చేతులు లాగుతూనే ఉన్నాయి. అటు చూడకుండా మొదటి నట్టుకు స్పానరు తగిలించి, బరువంతా వేసి తిప్పాడు.