గుమ్మానికి కట్టిన కలబంద

పొద్దున్నే గడప కడిగి తలెత్తితే ముందుగా కనిపించేది కలబందే. వేర్లు పైకి, ఆకులు కిందికి. ఇంటికి దిష్టి తగలకూడదని మా అత్త రెడ్డెమ్మ ఉగాదినాడు దాన్ని గుమ్మానికి తలకిందులుగా కట్టింది.

అది బజారులో కొన్నది కాదు. పెళ్ళయి మదనపల్లెకు వచ్చేటప్పుడు కుప్పంలో మా పెరట్లోంచి తెచ్చుకున్న పిలక. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది. మిద్దె మీద కుండీలో ఇసుక కలిపిన మట్టి పోసి నాటి, అడుగుమన్ను ఎండితే తప్ప నీళ్ళు పోయకుండా పెంచాను. ఆకులన్నీ పువ్వు విచ్చుకున్నట్టు చుట్టూ పరుచుకున్నాక, నేను మిద్దె మీద ఓ పక్క బట్టలు ఆరేస్తుంటే, మా అత్త వచ్చి వేర్లతో సహా పెరికేసింది. అడిగితే ఇంట్లో చెట్టు ఇంటిది కాదా అంది. మిగిలిన బట్టలు ఆరేశాను. నాకు బాగా చేతనైన పని అదే.

వచ్చిన చుట్టాలంతా దాన్ని చూసి ముచ్చటపడతారు. మన్ను లేదు, నీళ్ళు లేవు, ఎంత పచ్చగా ఉందో అంటారు. ఎండిపోతే దిష్టంతా లాక్కుందంటారు, బతికితే ఇల్లు చల్లగా ఉందంటారు. దానికి దాహమేస్తుందేమోనని ఒక్కరూ అనరు. పాత ఆకుల్లో తడిని పీల్చుకుని నడిమి ఆకుల్ని బతికించుకుంటోంది పిచ్చిది. ఆ నడిమి ఆకులు మెల్లగా వంగి పైకి తిరిగాయి. వంటా గిన్నెలూ అత్త మోకాళ్ళకు నూనె రాయడమూ అయ్యాక, మాట్లాడే మనిషి లేక గడప మీద కూర్చుని దాన్నే చూస్తుంటాను. ఇంటినిండా మనుషులున్నా ఇంత ఒంటరిగా ఉంటుందని పెళ్ళికి ముందు తెలియదు.

నిన్న పుంగనూరు బడి నుంచి ఫోనొచ్చింది, లెక్కల టీచరుగా రమ్మని. పెళ్ళికి ముందు నేను చేసిన పనే. మా ఆయన లోకనాథ్‌కు చెబితే కంచంలోంచి తలెత్తలేదు.

"ఇంట్లో నీకేం తక్కువైందని? బాగానే ఉండావు గదా," అన్నాడు.

ఈ పొద్దు ముగ్గు గిన్నె పక్కన పెట్టి, స్టూలెక్కి తాడు కోశాను. ఎండిన వేర్లు కత్తిరించి కుండీలో నాటాను. వెంటనే నీళ్ళు పోయకూడదు, గాట్లు ఆరనివ్వాలి. ఆ మట్టిచేతులతోనే బడికి ఫోన్ చేసి సోమవారం చేరతానని చెప్పాను.

అత్త బయటికొచ్చి గుమ్మం వంక చూసింది.

"యాల దించినావమ్మా దాన్ని? బతికే ఉండాది గదా."

"బతికుండాదనే దించినా అత్తా."